పశ్చాత్తాపం సరే, ఇంట్లో ఏం మారింది?

బాధపడటానికి మనం మరీ ఎక్కువ విలువ ఇస్తున్నామని నాకు ఎప్పట్నుంచో కోపం. తప్పు చేసినవాడు నలుగురి ముందూ కుమిలిపోతే చాలు, "పాపం, ఎంత మారిపోయాడో" అనేస్తాం. నిజంగా మారాడా లేదా అన్నది ఎవరూ చూడరు. "అప్పుడలా చేయకుండా ఉండాల్సింది" అనే మాట దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయిన మనుషులు మనందరి ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్ల బాధ అబద్ధమని నేననను. ఆ బరువు పక్కనున్నవాళ్ల మీద ఎంత పడుతోందో మాత్రం వాళ్లకు తెలియడం లేదు.

మాకు బాగా తెలిసిన ఒక పెద్దావిడ ఉన్నారు. కొడుకు విదేశంలో ఉద్యోగం. తండ్రి ఆస్పత్రిలో ఉన్నప్పుడు సెలవు దొరకలేదో, ఇంకా టైముందిలే అనుకున్నాడో, రాలేదు. అంతా అయిపోయాక వచ్చాడు. అప్పట్నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా అదే మాట: "నాన్నను ఆఖరిచూపు కూడా చూసుకోలేకపోయానమ్మా." ఏడుస్తాడు, ఆవిడ ఊరుకోబెడుతుంది. ఓసారి నేను అక్కడే ఉన్నాను. ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఆవిడ ఒళ్లో మందుల డబ్బా, అందులో బీపీ బిళ్లల షీటు ఖాళీ. చాలాసేపు మాట్లాడాడు. మందులు వేసుకుంటున్నావా అమ్మా అని మాత్రం అడగలేదు. ఆవిడ మోకాలి నొప్పి సంగతి ఎత్తబోయింది, ఈలోగా అతను మళ్లీ ఆస్పత్రి రోజుల్లోకి వెళ్లిపోయాడు. ఫోన్ పెట్టేశాక ఆవిడ నాతో అన్నది: "వీణ్ణి ఓదార్చడానికే నా ఓపికంతా అయిపోతోందమ్మా."

ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు. తండ్రి మీద ప్రేమ లేక కాదు. కానీ పోయిన మనిషి కోసం ఏడుస్తూ, బతికున్న మనిషిని చూడటం మానేశాడు. గతజల సేతుబంధనం అంటే ఇదే కదా!

ఇలాంటివి చూసినప్పుడల్లా నాకు అశోకుడు గుర్తొస్తాడు. కళింగ యుద్ధం, రక్తపాతం, మనసు మారింది, బౌద్ధం వైపు నడిచాడు అని స్కూల్లో నాలుగు ముక్కల్లో చెప్పి వదిలేశారు. ఆ మనిషి చెక్కించిన మాటలు మన దగ్గరే ఉన్నాయి. కర్నూలు జిల్లాలో, గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి బండల మీద ఆయన పద్నాలుగు పెద్ద శిలాశాసనాలూ ఉన్నాయి. పదమూడోది కళింగ గురించి. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు యుద్ధం చేశానని, లక్షన్నర మందిని అక్కడి నుంచి పట్టుకుపోయారని, లక్ష మంది యుద్ధంలో చచ్చిపోయారని, అంతకు ఎన్నో రెట్ల మంది తర్వాత పోయారని ఆయనే చెప్పుకున్నాడు. అందులో నూరో వంతు, వెయ్యో వంతు మందికి అలా జరిగినా ఇప్పుడు నాకు బాధే అన్నాడు. గెలిచిన రాజు ఇలా రాయించుకోవడం మామూలు విషయం కాదు.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది వేరే. ఈ పదమూడో శాసనం కళింగలో లేదు. భువనేశ్వర్ దగ్గరి ధౌలిలో గానీ, గంజాం జిల్లా జౌగడలో గానీ దాన్ని చెక్కించలేదు. ఎందుకన్నదానికి చరిత్రకారులు రకరకాల కారణాలు చెబుతారు, రాజకీయం కూడా ఉండే ఉంటుంది. దాని బదులు అక్కడ రెండు ప్రత్యేక శాసనాలు పెట్టాడు. వాటిలో ఏడుపు లేదు. మనుషులంతా నా బిడ్డలు అని మొదలుపెట్టి అధికారులకు పని చెప్పాడు: కారణం లేకుండా ఎవర్నీ జైల్లో పెట్టొద్దు, హింసించొద్దు, కోపం, తొందర, బద్ధకం పనికిరావు. ఇది జరుగుతోందో లేదో చూడటానికి అయిదేళ్లకోసారి ఒక అధికారిని పంపిస్తాను అన్నాడు. దెబ్బ తిన్నవాళ్లకు కావలసింది ఇదే. మన బాధ ఎంత లోతైనదో వాళ్లకు అనవసరం. రేపు మళ్లీ తన్నకుండా ఉంటామా అన్నదే వాళ్ల ప్రశ్న.

ఆయన్ను దేవుణ్ణి చేయాలని నాకు లేదు. పదమూడో శాసనంలోనే అడవి జనాలకు హెచ్చరిక కూడా ఉంది: పశ్చాత్తాపపడుతున్నా శిక్షించే బలం నాకుంది, జాగ్రత్త అని. కళింగ నుంచి పట్టుకుపోయిన లక్షన్నర మందిని వెనక్కి పంపానన్న మాట ఎక్కడా కనిపించదు. ఇవి చిన్న లోపాలు కావు.

కానీ మొదటి శాసనం చదవండి. అది వంటింటి లెక్క. ఒకప్పుడు నా వంటశాలలో కూర కోసం రోజూ లక్షల కొద్దీ ప్రాణుల్ని చంపేవాళ్లు, ఇప్పుడు మూడంటే మూడే, రెండు నెమళ్లు, ఒక జింక, ఆ జింక కూడా ప్రతిరోజూ కాదు, మున్ముందు ఈ మూడూ ఉండవు అని రాయించాడు. పూర్తిగా మానేశాక గొప్పగా ప్రకటించవచ్చు కదా, ఆగలేదు. ఇంకా మూడు మిగిలి ఉండగానే ఉన్నదున్నట్టు రాయి మీద చెక్కించాడు. మారడం అంటే నాకు ఈ మూడు జీవాల లెక్కే. తాగుడు మానుతున్నవాడైనా, భార్య మీద అరవడం తగ్గించుకుంటున్నవాడైనా, "ఇంకా ఇంత మిగిలింది, ఇది కూడా మానతాను" అని ఇంట్లో చెప్పగలిగితే నేను నమ్ముతాను. కన్నీళ్లను నమ్మను.

"ఇప్పుడు మారి ఏం లాభం, వయసంతా అయిపోయింది" అనేవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లకు ఎర్రగుడిలోనే ఉన్న చిన్న శాసనం చూపించాలని ఉంటుంది. నేను బౌద్ధ ఉపాసకుణ్ణయి రెండున్నరేళ్లు దాటింది, మొదట్లో ఓ ఏడాది గట్టిగా ప్రయత్నం చేయలేదు అని అందులో చెప్పుకున్నాడు. అంత యుద్ధం, అంత బాధ తర్వాత కూడా ఒక ఏడాది చల్లగా గడిచిపోయింది. దాని గురించి ఇంకో మాట లేదు. ఆ వెంటనే, బౌద్ధ భిక్షువుల సంఘానికి దగ్గరై ఏడాది పైనయింది, ఇప్పుడు గట్టిగా పూనుకున్నాను అని పనిలోకి వెళ్లిపోయాడు.