హోయ్ ఆన్‌లో లాంతర్లు తప్ప ఏమీ లేవా?

మనవాళ్లు వియత్నాం టూర్లకు బాగా వెళ్తున్నారు. దాంతో అక్కడి పాత రేవుపట్నం హోయ్ ఆన్ గురించి ఒక సలహా ఫోన్ల నుంచి ఫోన్లకు తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: ‘పగలు వెళ్లకండి, ఎండ తప్ప ఏమీ ఉండదు. సాయంత్రం దగ్గర్లోని డా నాంగ్ నగరం నుంచి కారులో వెళ్లి, లాంతర్లు చూసి, పడవ ఎక్కి రెండు గంటల్లో వచ్చేయండి. గైడ్ లేకుండా సొంతంగా నడిస్తే కనిపించేవి ఒకేలాంటి పసుపు గోడలే. జపాన్ వంతెన ఈమధ్య కట్టిన డూప్లికేట్. టికెట్ శుద్ధ దండగ.’

ఇందులో ఎండ సంగతి ఒక్కటే నిజం.

గైడ్ లేకపోతే ఏమీ అర్థం కాదన్న మాట ముందు తీసుకుందాం. మైళ్ల కొద్దీ పరుచుకున్న శిథిలాల విషయంలో ఆ మాటకి కొంత అర్థముంది. హోయ్ ఆన్ పాతపట్నం మొత్తం 30 హెక్టార్లు. జపాన్ వంతెన అని పిలిచే పాత చెక్క వంతెన నుంచి మార్కెట్ దాకా ట్రాన్ ఫు వీధిలో నడిస్తే కిలోమీటరు కూడా ఉండదు. దారి తప్పుదామన్నా కుదరదు. దక్షిణం వైపు ఏ సందులోకి తిరిగినా నది ఒడ్డునే తేలతాం.

అసలు ఈ ఊరి కథ ఆ సందుల్లోనే ఉంది. ట్రాన్ ఫు, న్గుయెన్ థాయ్ హోక్, బాక్ డాంగ్ అని మూడు వీధులు నదికి సమాంతరంగా ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. వీటిలో పాతది ట్రాన్ ఫు. ఒకప్పుడు ఊరికి అదే నది వైపు చివరి వీధి. థు బోన్ నది ఒండ్రు మేట వేస్తూ వెనక్కి జరిగినకొద్దీ, 19వ శతాబ్దంలో ఆ కొత్త నేల మీద మిగతా రెండు వీధులూ వెలిశాయి. ట్రాన్ ఫు నుంచి ఒడ్డు దాకా వేసే ప్రతి అడుగూ నది వదిలేసిన నేల మీదే. 16, 17 శతాబ్దాల్లో చైనా, జపాన్, యూరప్ ఓడలతో కళకళలాడిన రేవు కొంప ముంచినవి కూడా ఆ మేటలే. పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయాయి, వ్యాపారం డా నాంగ్‌కి తరలిపోయింది. నన్నడిగితే ఊరు మిగలడానికి కారణం కూడా అదే. చేతిలో డబ్బు ఆడుతూ ఉంటే ఆ చెక్క ఇళ్లన్నీ పడగొట్టి ఎప్పుడో మేడలు కట్టేసేవాళ్లు. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చేనాటికి చెక్క చట్రం మీద నిలిచిన కట్టడాలు 1,107 లెక్క తేలాయి. ఇదంతా మ్యాప్ పట్టుకుని పావుగంట నడిస్తే అర్థమయ్యే సంగతి. జెండా పట్టుకున్న గైడ్ వెనక పరుగెత్తేవాళ్లకి ఆ పావుగంట దొరకదు.

‘ఒకేలాంటి పసుపు గోడలు’ అంటున్నారు. గోడల్నే చూస్తే అలాగే ఉంటుంది. గుమ్మం పైకి చూడాలి. చాలా ఇళ్లకి అక్కడ రెండు గుండ్రటి చెక్క బిళ్లలు చెక్కి ఉంటాయి, కొన్నిటికి ఎర్రగుడ్డ కూడా కడతారు. అవి ఇంటిని కాపలా కాసే కళ్లని అక్కడివాళ్ల నమ్మకం. నాలుగిళ్లు చూస్తే చాలు, చెక్కడంలో తేడా తెలిసిపోతుంది.

ఇక లోపలికి వెళ్తే ఒకేలా ఉన్నాయన్న మాట నోట రాదు. టాన్ కీ ఇల్లు ముందు గుమ్మం న్గుయెన్ థాయ్ హోక్ వీధిలో ఉంటే, పెరటి గుమ్మం బాక్ డాంగ్ మీదికి, అంటే నది మీదికి తెరుచుకుంటుంది. పడవల్లో వచ్చిన సరుకు వెనక నుంచి దించుకోవడం, ముందు వైపు అమ్ముకోవడం, వెలుతురు కోసం వదిలిన చిన్న ముంగిలి చుట్టూ కాపురం. గోడ మీద వరద గీతలుంటాయి, పక్కన సంవత్సరాలు వేసి. 1964 నాటి గీత కోసం తల పైకెత్తాలి. వంతెన అవతల ఫుంగ్ హుంగ్ ఇంట్లో పైకప్పులో చదరంగా ఒక మూత కనిపిస్తుంది. నీళ్లొస్తే సామానంతా అందులోంచి మేడ మీదికి లాగేస్తారు. ఇవి పాత ముచ్చట్లు కావు, 2025 అక్టోబర్ చివర్లో ఊరు మళ్లీ మునిగింది. గోడ మీది గీతకీ పైకప్పులోని మూతకీ ఉన్న సంబంధం మనంతట మనం పట్టుకోవచ్చు, ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

చెప్పేవాళ్లుంటే బాగుండు అనిపించే చోటు లేకపోలేదు. చైనాలోని హైనాన్ దీవి నుంచి వచ్చినవాళ్ల సంఘానికి ట్రాన్ ఫు వీధిలో ఉన్న మందిరం అలాంటిది. 1851లో సముద్ర దొంగలని ముద్ర వేసి చంపేసిన 108 మంది వర్తకుల స్మారకం అది. ఆ సంగతి తెలియకపోతే మరో రంగుల గుడిలా ఫొటో తీసుకుని వచ్చేస్తాం. దానికి విరుగుడు ముందురోజు రాత్రి అరగంట చదువుకోవడం.

వంతెన డూప్లికేట్ అన్న మాటకి మూలం మరమ్మతు. 2022 డిసెంబర్‌లో మొదలుపెట్టి, మొత్తం విప్పి, పుచ్చిన చెక్కలు మార్చి, 2024 ఆగస్టులో తిరిగి తెరిచారు. రంగు మరీ కొత్తగా ఉందని అక్కడా గొడవైంది. కానీ చెక్క వంతెన 400 ఏళ్లు నిలిచిందంటే మధ్యలో చెక్కలు మార్చకుండా నిలవదు కదా! వంపు తిరిగిన దాని నడకదారిని అప్పట్లో పాలించిన ఫ్రెంచివాళ్లు మోటారు బళ్ల కోసం చదును చేస్తే, 1986లో మళ్లీ వంపు తెచ్చారు. ‘అసలు రూపు’ కావాలనేవాళ్లు ఏ ఏడాది రూపు కావాలో కూడా చెప్పాలి. వంతెనకి ఒక కొసన కుక్కల బొమ్మలు, మరో కొసన కోతుల బొమ్మలు కూర్చుని ఉంటాయి. సెల్ఫీల తోపులాటలో వాటిని చూసేవాళ్లే తక్కువ.

పాతపట్నం టికెట్ విదేశీయులకు 1,20,000 డాంగ్‌లు. సున్నాలు చూసి టెన్షన్ పడకండి, మన డబ్బుల్లో సుమారు నాలుగొందలు. లాంతర్ల కింద ఫొటో దిగి వచ్చేవాళ్లకి అది దండగే, ఒప్పుకుంటా. పాత ఇళ్లు, మందిరాలు, మ్యూజియాల్లోంచి ఎంచుకున్న కొన్నింటి లోపలికి వెళ్లేవాళ్లకి దండగ ఎలా అవుతుంది?

‘సాయంత్రం రెండు గంటలు చాలు’ అన్న సలహా చిక్కంతా ఇక్కడే. పాత ఇళ్లు చాలామటుకు చీకటిపడే వేళకి మూసేస్తారు. అంటే సాయంత్రం వెళ్లేవాళ్లు మూసిన తలుపులు చూసి ‘ఏమీ లేదు’ అని రాస్తున్నారన్నమాట. పొద్దున్నే వెళ్తే ఎండ ముదరకముందే మూడు వీధులూ అయిపోతాయి. మధ్యాహ్నం ఇళ్ల లోపల గడపొచ్చు, లాంతర్లు ఎలాగూ రాత్రికి వెలుగుతాయి. నడకకి అసలు అడ్డం ఎండ కూడా కాదు, అక్టోబర్, నవంబర్ వరదలు. ఆ నెలల్లో వెళ్లేవాళ్లు హోటల్ బుక్ చేసేముందు వాతావరణ హెచ్చరికలు చూసుకోవాలి. ఆ ఒక్క ముక్క మాత్రం చక్కర్లు కొడుతున్న సలహాలో లేదు.