ఎర్ర పటం గారికి ఒక గృహస్థు విన్నపం

మహారాజశ్రీ అమెరికా సర్కారు ఇంటి అప్పుల సంస్థ, హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ వారి పటం గారి సముఖానికి,

నిన్న డెట్రాయిట్ దగ్గర మేము కొన్న ఇంటి క్లోజింగ్, అంటే కొనుగోలు ముగింపు తంతు. మూడు గంటలు సంతకాలు చేస్తుండగా, 1940ల నాటి పాత దస్తావేజు ఒకటి బయటపడింది. తెల్లవారు తప్ప మరెవరూ, పనివారిగా అయితే తప్ప, ఆ ఇంట ఉండరాదట. అంటే ఆనాడు నేను అక్కడ గిన్నెలు తోమవచ్చు గానీ, వాటిలో వండుకు తినకూడదు. “అది ఇప్పుడు చెల్లదు లెండి, సంతకం పెట్టండి” అన్నది అక్కడి ఉద్యోగిని.

ఆ షరతు తమరు రాసింది కాదు, నిజమే. కానీ 1930లలో రెండు వందలకు పైగా నగరాలను పరిశీలించి, మేలైన పేటలకు పచ్చ, ఆ తరువాతి వాటికి నీలం, క్షీణిస్తున్న వాటికి పసుపు, అప్పివ్వడానికి ప్రమాదకరమైన వాటికి ఎరుపు పూసింది తమరే. మేము కొత్త ఇంటి గడపకు పసుపు రాసి కుంకుమ పెడతాం. తమరికీ ఆ రెండు రంగులే దొరికాయి, గడప దగ్గరకు అప్పు రానివ్వకుండా ఉండడానికి.

తమరు బీరువాలో పడి ఉన్న కాగితమేననీ, అసలు పాపం ఇళ్ల రుణాలకు పూచీ పడే సర్కారు సంస్థ ఎఫ్‌హెచ్‌ఏదేననీ కొందరు చరిత్రకారులు తమ తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. కావచ్చు. డెట్రాయిట్‌లో నల్లవారి పేటను ఆనుకుని తెల్లవారికి ఇళ్లు కట్టబోయిన బిల్డరు, 1941లో మధ్యన అర మైలు పొడవున ఆరడుగుల గోడ లేపాక గానీ ఆ ఎఫ్‌హెచ్‌ఏ రుణాలకు పూచీ పడలేదు. గోడ ఇప్పటికీ ఉంది.

నాకు మింగుడుపడనిది మీ ఫారంలోని ఒక్క గడి. నివాసుల వివరాల కింద, నీగ్రోలు ఉన్నారా అని అడిగాక, “ఎవరి చొరబాటు” అని ఒక ఖాళీ. చొరబాటా? పంటచేలో పడ్డ పందిది చొరబాటు. పైసా పైసా కూడబెట్టి ఇల్లు కొనుక్కుని, పాలు పొంగించుకునేవాడిది చొరబాటా? కప్పు కారుతోందా, గోడలు బాగున్నాయా అని చూడాల్సిన కాగితంతో పక్కింటివాడి ఒంటిరంగు ఆరా తీయడానికి నీకు సిగ్గు వెయ్యలేదా? ఇదే డెట్రాయిట్‌లో ఓర్సెల్, మినీ మెక్‌గీ అనే నల్లజాతి దంపతులను, నా దస్తావేజులో లాంటి షరతే చూపి, సొంత ఇంట్లోంచి వెళ్లగొట్టాలని ఇరుగుపొరుగు కోర్టుకెక్కారు. 1948లో సుప్రీంకోర్టు అడ్డుపడే దాకా వాళ్లూ నీ లెక్కలో చొరబాటుదారులే. ఇళ్ల అమ్మకాల్లో, అప్పుల్లో జాతి వివక్ష కూడదన్న 1968 చట్టం కోసం దెబ్బలు తిన్నది వాళ్లలాంటివారు, ఆ పుణ్యాన సులువుగా అప్పు పుట్టింది నాకు.

శనివారం మా గృహప్రవేశం. ఆ గడిలో నా పేరు రాసుకో. ఇంటిపేరుతో సహా పూర్తిగా రాయి, చోటు చాలకపోతే వెనక పేజీ వాడుకో.

ఇట్లు,
చొరబడినవాడు