గూడు ఫొటో కోసం కొమ్మలు కత్తిరిస్తారా?

ఆదివారం పొద్దున్నే మా ఫొటోగ్రఫీ క్లబ్‌తో అమీన్‌పూర్ చెరువుకి వెళ్లాను. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన చెరువది. గట్టు పక్క పొదలో, మోకాలెత్తున, పిగిలిపిట్ట గూడు కనిపించింది. లోపల ఈకలైనా రాని మూడు పిల్లలు, చిన్న అలికిడికే నోళ్లు తెరుస్తున్నాయి. దూరం నుంచి చూసి వచ్చేద్దాం అనుకునేలోపే మా సీనియర్ ఒకాయన, ఆకులు అడ్డొస్తున్నాయని, బ్యాగులోంచి కత్తెర తీసి రెండు కొమ్మలు కత్తిరించేశాడు.

ఒళ్లు మండిపోయింది. ఆ ఆకులే కదండీ వాటికి నీడ! ఏప్రిల్ ఎండ నేరుగా పడితే ఆ పసికూనలు ఎంతసేపు తట్టుకుంటాయి? కాకి కంటపడితే? తల్లి ముక్కున పురుగు పట్టుకుని కంచె తీగ మీద అటూ ఇటూ గెంతుతోంది. మేమున్నంతసేపూ గూటి దగ్గరికి రాలేదు. వీళ్లేమో లైటింగ్ అదిరిందని మురిసిపోతున్నారు.

"అన్నా, 1972 వన్యప్రాణి చట్టంలో గూడు కదిలించడం కూడా వేట కిందికే వస్తుంది" అన్నాను. "పిట్ట కోసం ఇంత టెన్షన్ ఎందుకు తమ్ముడూ" అన్నాడు.

ఇది ఒక్కరోజు గొడవ కాదు. ఎగిరే ఫొటో కావాలంటే కొంగల మీదికి రాళ్లు, దగ్గరికి రావాలంటే ఫోన్లో వాటి కూతలు. చెప్పీ చెప్పీ విసుగొచ్చింది.

అందరూ టిఫిన్‌కి వెళ్లాక తెగిన కొమ్మల్ని పురికొసతో మళ్లీ కట్టాను. మధ్యాహ్నానికే వాడిపోయి ఉంటాయి.