పెద్ద జీతానికీ తప్పని కటకట

నెలకు 2 లక్షల రూపాయల జీతం వచ్చే ఇంట్లో 25వ తేదీ నాటికే ఖాతా ఖాళీ అవుతోందంటే నమ్మేవారు తక్కువ. నమ్మినా, దుబారా వల్లే అయి ఉంటుందని తేల్చేస్తారు. కేంద్ర ప్రభుత్వ గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం 2023-24లో ఒక మనిషి సగటు నెల ఖర్చు గ్రామాల్లో 4,122 రూపాయలు, పట్టణాల్లో 6,996 రూపాయలు. ఆ అంకెలు తెలిసినవారికి 2 లక్షల జీతగాడి గోడు వినబుద్ధి కాకపోవడం సహజమే. అయినా హైదరాబాద్ పడమటి శివార్లలో ఇంటింటా వినిపిస్తున్న ఈ కటకటను పట్టించుకోవలసిందేనని మేము భావిస్తున్నాం. ఈ జీతాన్ని మింగుతున్న ఖర్చులే, ఆ ఇంట్లో వంట చేసే మనిషి సంపాదననూ, ఆ ఉద్యోగిని ఆఫీసులో దింపే డ్రైవరు రాబడినీ ఇంకా వేగంగా మింగుతున్నాయి.

ఒక లెక్క వేసి చూద్దాం. కొండాపూర్‌లోనో నల్లగండ్లలోనో ఉంటూ ఏడాదికి 24 లక్షల స్థూల జీతం తీసుకునే ఉద్యోగి ఉన్నాడనుకుందాం. ఇంట్లో సంపాదన ఒక్కరిదే, పిల్లలిద్దరు. 2025-26 కొత్త పన్ను విధానం కింద 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసేశాక సెస్సుతో కలిపి అతను కట్టవలసిన ఆదాయపు పన్ను 2,92,500 రూపాయలు, అంటే నెలకు 24 వేల పైచిలుకు. మూలవేతనం లక్ష అయితే భవిష్య నిధికి (పీఎఫ్) 12 వేలు, వృత్తి పన్నుకు 200 రూపాయలు పోతాయి. చేతికి వచ్చేది లక్షా 63 వేలు. ఇంటి కోసం 80 లక్షల అప్పును 8 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల గడువుతో తీసుకుని ఉంటే నెల వాయిదా దాదాపు 66,900. పిల్లల చదువుకు బస్సుతో సహా ఏటా ఒక్కొక్కరికి 2 లక్షలు వేసుకుంటే నెలకు 33 వేలు. 8 లక్షల కారు అప్పు 9 శాతం వడ్డీతో ఐదేళ్లకు తీసుకుంటే నెలకు 16,600. అపార్టుమెంటు నిర్వహణకు, కరెంటుకు 8 వేలు. ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల మందులకు, చేతి ఖర్చులకు 12 వేలు. ఇక మిగిలిన 26 వేలతో బియ్యం, పాలు, కూరగాయలు, గ్యాస్, పెట్రోలు, పనిమనిషి జీతం, ఫోన్ బిల్లులు, ఓ జ్వరం, ఓ పెళ్లి చదివింపులు గడవాలి. ఈ పట్టికలో పొదుపు అని చెప్పదగినది భవిష్య నిధి ఒక్కటే.

ఈ లెక్కలో అన్నింటికన్నా బరువైనది ఇల్లు. ఆ 80 లక్షల అప్పు తీరేసరికి వడ్డీ ఒక్కటే మరో 80 లక్షలు దాటుతుంది. 2019 అక్టోబరు నుంచి మారుతూ ఉండే వడ్డీతో బ్యాంకులు ఇచ్చే కొత్త గృహరుణాలు రెపో (బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద రిజర్వ్ బ్యాంకు వేసే వడ్డీ రేటు) వంటి బాహ్య ప్రమాణాలకు ముడిపడి ఉన్నాయి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు రిజర్వ్ బ్యాంకు రెపోను 4 శాతం నుంచి 6.5 శాతానికి తీసుకెళ్లింది. అదే 80 లక్షల అప్పుకు 7 శాతం వడ్డీ మీద 62 వేలు ఉండే వాయిదా 9.5 శాతానికి 74,500 అవుతుంది. వాయిదా పెరగలేదని ఊరట పడినవారిలో చాలామందికి పెరిగింది గడువు. తమకు యాభై ఏళ్లు వచ్చేసరికి తీరుతుందనుకున్న అప్పు పదవీ విరమణ వయసును తాకడం చూసి గుండె జారినవారు ఎందరో. 2025లో రెపో దశలవారీగా 5.25 శాతానికి దిగివచ్చినా అప్పటికే జరిగిన నష్టం పూర్తిగా పూడలేదు.

ఆ ఇంటి ధరను నిర్ణయించేది ఎవరు? బిల్డర్లూ దళారులూ అన్నది సగం జవాబు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ లేఅవుట్ వేలంలో నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ భూమి ఎకరం 100 కోట్ల రూపాయలు దాటింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ టీజీఐఐసీ వేలంలో ఎకరం 177 కోట్లు పలికింది. అంటే గజం 3 లక్షల 65 వేలకు పైమాటే. అమ్మింది ప్రభుత్వ సంస్థలే. అధిక ధరను ప్రగతికి గుర్తుగా ప్రకటించుకున్న మరునాడే చుట్టుపక్కల పది కిలోమీటర్ల మేర గజం ధర పెరుగుతుంది. ఆ వెంటనే అద్దెలూ పెరుగుతాయి. బడి పెట్టేవాడికి, ఆసుపత్రి కట్టేవాడికి, కూరగాయల దుకాణం తెరిచేవాడికి స్థలం భారమవుతుంది. ఆ భారం తిరిగి ఫీజుగా, బిల్లుగా, కిలో టమాటా ధరగా మన ఇంటికే చేరుతుంది. కోటి రూపాయల ఫ్లాటును నిర్మాణంలో ఉండగా కొంటే జీఎస్టీ కింద 5 లక్షలు కట్టాలి, రిజిస్ట్రేషన్ ఖర్చులు వేరు. ఖజానా నింపుకోవడానికి భూమిని వాడుకునే ప్రభుత్వాలు, పార్టీ ఏదైనా, మధ్యతరగతి ఇంటి కలను కరిగించి ఆదాయంగా మార్చుకుంటున్నాయని చెప్పక తప్పదు.

బడి ఫీజుల రసీదు చూస్తే మరో బాధ అర్థమవుతుంది. ట్యూషన్ ఫీజు, టర్మ్ ఫీజు, యాక్టివిటీ ఫీజు, స్మార్ట్ క్లాసు, బస్సు, పుస్తకాలు, రెండు రకాల యూనిఫారాలు, వాటికి మూడు రకాల బూట్లు. పుస్తకాలు బడి చెప్పిన చోటే కొనాలి. ఏటా ఎంత పెంచుతారో ముందుగా చెప్పరు. మార్చిలో ఒక సందేశం వస్తుంది. మధ్యలో బడి మార్పిస్తే స్నేహితులకు దూరమై పిల్లవాడు దిగాలు పడతాడని తల్లిదండ్రులు నోరు మెదపరు. ఆ నిస్సహాయతే యాజమాన్యాలకు బలం. ప్రైవేటు విద్యాసంస్థలు సముచిత మిగులు ఉంచుకోవచ్చునేగాని లాభాపేక్షతో నడపరాదని 2002లో టీఎంఏ పాయ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. తెలంగాణలో ఫీజుల నియంత్రణపై 2017లో ఆచార్య తిరుపతిరావు కమిటీ ఏర్పడింది, ఆ తర్వాత ఏళ్లకు ఏళ్లు చట్టం లేకుండానే గడిచిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పాఠశాల విద్యా నియంత్రణ కమిషన్ చట్టం వచ్చినా, 2021లో ఫీజులు ఖరారు చేస్తూ ఇచ్చిన జీవోలను అదే ఏడాది హైకోర్టు కొట్టివేసింది. ఈలోగా ఒక తరం పిల్లలు ఒకటో తరగతి నుంచి పదో తరగతికి చేరారు.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. ఈ కుటుంబాలు సర్కారు బడిని వదిలేశాయి, ప్రభుత్వ ఆసుపత్రిని వదిలేశాయి, సిటీ బస్సును వదిలేశాయి. వదిలేసిన ప్రతి సేవనూ ఇప్పుడు డబ్బు పెట్టి విడివిడిగా కొనుక్కుంటున్నాయి. నగరంలో మెట్రో 2017 నవంబరులో మొదలైంది, 69 కిలోమీటర్లు వేశారు. అయితే గచ్చిబౌలి, ఆర్థిక జిల్లా (ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్), కోకాపేట దాకా పోకుండా పట్టాలు రాయదుర్గంలోనే ఆగాయి. ఆ చివరి కొన్ని కిలోమీటర్ల కోసమే ఇంటికో కారు, కారుకో అప్పు. మంజీర, కృష్ణా, గోదావరి జలాలు సరిపోని కాలనీల్లో వేసవి వస్తే ట్యాంకర్ల ఖర్చు నిర్వహణ రుసుములో కలుస్తుంది. ఆ నెలవారీ రుసుము 7,500 దాటి, సంఘం వార్షిక వసూళ్లు 20 లక్షలు మించితే దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. మాట చెల్లుబాటయ్యే వర్గం తప్పుకోవడంతో సర్కారు బడిని, బస్సును బాగు చేయమని అడిగే గొంతు సన్నబడింది. ఆ నష్టం పడుతున్నది ముఖ్యంగా పేదలు.

వైద్యం సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. కంపెనీ ఇచ్చే బృంద బీమా సాధారణంగా ఉద్యోగం ఉన్నన్నాళ్లే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ తీసేయడం, వృద్ధుల ప్రీమియాన్ని ముందస్తు సంప్రదింపులు లేకుండా ఏడాదికి 10 శాతానికి మించి పెంచరాదని అదే సంవత్సరం జనవరిలో బీమా నియంత్రణ సంస్థ చెప్పడం మంచి పనులు. కానీ అరవై ఐదేళ్ల తల్లికి కొత్తగా పాలసీ తీసుకోబోయే కొడుక్కి ఇవి తీర్చే భారం కొంతే.

ధరల సూచీ ఈ బాధను సరిగా చూపదు. 2012 ఆధార సంవత్సరంగా నడిచిన వినియోగదారుల ధరల సూచీలో ఆహార పానీయాల వాటా దాదాపు 46 శాతం, విద్య వాటా 5 శాతం లోపు. ఇంటి అప్పు వాయిదాకు అందులో చోటే లేదు, లెక్కించేది అద్దెనే. ఉల్లి, పప్పు ధరలు తగ్గిన నెలలో ద్రవ్యోల్బణం చల్లబడిందని ప్రకటన వెలువడుతుంది. జీతం పెంపు నిర్ణయించేటప్పుడూ ఆ అంకెను చూస్తారు. ఫీజు, అద్దె, ఆసుపత్రి బిల్లు మాత్రం దానితో నిమిత్తం లేకుండా పెరుగుతాయి.

కొంత తప్పు మనదీ ఉంది. పక్కింటివారి కారు చూసి కారు మార్చడం, తాహతుకు మించి పెళ్లిళ్లు చేయడం, క్రెడిట్ కార్డు బిల్లులో కనీస మొత్తం కట్టి మిగతాది నెలకు 3 శాతానికి మించిన వడ్డీకి వదిలేయడం చూస్తూనే ఉన్నాం. 2022-23లో కుటుంబాల నికర ఆర్థిక పొదుపు జీడీపీలో సుమారు 5 శాతానికి పడిపోవడం, 2023 నవంబరులో రిజర్వ్ బ్యాంకు హామీ లేని వినియోగ రుణాల మీద నిబంధనలు బిగించడం ఊరికే జరగలేదు. అయినా పై పట్టికలో దుబారాగా కొట్టేయదగినది ఎంత ఉందో చదువరులే చూడవచ్చు. పైగా ఈ జీతం నిలకడైనది కాదు. సిబ్బందిలో 2 శాతాన్ని, 12 వేల మందికి పైగా, తగ్గించుకుంటామని 2025 జులైలో ఐటీ కంపెనీ టీసీఎస్ ప్రకటించినప్పుడు, నలభై దాటి ఇరవై ఏళ్ల వాయిదాల మధ్యలో ఉన్న ఎందరో ఉద్యోగులకు ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు.

చేయవలసినవి చేతికందని పనులేమీ కావు. సొంతంగా ఉండే ఇంటి అప్పు వడ్డీకి పాత పన్ను విధానంలో 2 లక్షల మినహాయింపు పరిమితిని 2014లో నిర్ణయించారు. కొత్త విధానంలో అదీ లేదు. ధరలతో పాటు ఆ పరిమితి పెరగాలి, రెండు విధానాల్లోనూ ఉండాలి. వేలం వేసే ప్రభుత్వ భూమిలో కొంత భాగాన్ని ఉద్యోగులకూ కార్మికులకూ అందుబాటు ధరలో అద్దె ఇళ్ల కోసం కేటాయించాలి, అక్కడ వచ్చిన సొమ్ములో కొంత అదే ప్రాంతానికి మెట్రో, బస్సులు వేయడానికి ఖర్చు చేయాలి. ఫీజుల నియంత్రణ రెండు రాష్ట్రాల్లోనూ కోర్టు పరీక్షకు నిలిచేలా ఉండాలి. అందుకోసం బడుల జమాఖర్చులను పరిశీలించే అధికారం, తల్లిదండ్రుల ఫిర్యాదు వినే వేదిక ఉండి తీరాలి. జూన్‌లో బడులు తెరిచాక జారీ చేసే ఉత్తర్వు ఎవరికీ అక్కరకు రాదు. దసరా దాటగానే మరుసటి ఏడాది ప్రవేశాలు మొదలవుతాయి, అప్పటికే ప్రతి బడి గేటు మీద ఆ సంవత్సరం ఫీజు ఎంతో, ఎంత పెరిగిందో, ఎందుకు పెరిగిందో తెలుగులో రాసి ఉండాలి.