అలకపాన్పు మీద స్కార్‌బరో

అల్లుడు అలకపాన్పు ఎక్కి స్కూటరు అడిగినప్పుడు, అది అతనికి నిజంగా అవసరమా, దాన్ని నడపడానికి ఊళ్ళో రోడ్డు ఉందా అని ఆరా తీసే మామగారు లోకజ్ఞానం లేనివాడు. అక్కడ చర్చ బండి గురించి కాదు, మర్యాద గురించి. ఈ చిన్న సూక్ష్మం తెలియకపోవడం వల్లనే కెనడాలోని టొరంటో నగర రవాణా నిపుణులు స్కార్‌బరో శివారు రైలు విషయంలో ఏళ్ళ తరబడి లెక్కలు వేసి, ఆ లెక్కలను ఎవరూ పట్టించుకోలేదని నొచ్చుకున్నారు.

స్కార్‌బరో 1998 దాకా విడిగా ఉండేది. ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వం తానే ముహూర్తం పెట్టి దాన్ని టొరంటోలో కలిపింది. పీటల మీద ఇష్టంగా కూర్చున్నవారు తక్కువ. అప్పటికే అల్లుడి దగ్గర 1985 నాటి ఆరు స్టేషన్ల రైలొకటి ఉంది. నిజానికి ఆ దారిలో మొదట తలపెట్టింది స్ట్రీట్‌కార్‌నే, అంటే ట్రామునే. అయితే ఒంటారియో ప్రభుత్వానికి అప్పట్లో సొంత రైళ్ళ కంపెనీ, ఆ కంపెనీ దగ్గర కొనేవాళ్ళ కోసం ఎదురుచూస్తున్న ఒక కొత్తరకం రైలు ఉండడంతో, పెరట్లో విరగకాసిన సొరకాయలను పక్కింటికి పంపినట్టు దాన్ని స్కార్‌బరోకు పంపారు. ఆ బండిని చక్రాలు లాగవు. పట్టాల మధ్య పరిచిన లోహపు పట్టీ, బండి అడుగున ఉన్న మోటారు అయస్కాంతబలంతో ఒక అంగీకారానికి వస్తే అది కదులుతుంది. పట్టీ మీద మంచు పేరుకున్న రోజున ఆ అంగీకారం కుదరదు. ప్రతి శీతకాలమూ మంచు కురిసే నగరానికి ఇంతకంటే తగిన సంబంధం దొరికేది కాదు.

ఆ రైలు ముసలిదయ్యాక దాని స్థానంలో ఏం పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. 2012లో కుదిరిన ఒప్పందం ప్రకారం అదే దారిని పొడిగించి ఏడు స్టేషన్లతో లైట్ రైలు, అంటే సబ్‌వే కంటే చిన్నపాటి విద్యుత్ రైలు, వేయాలి. సుమారు 180 కోట్ల డాలర్ల ఖర్చును ఒంటారియో ప్రభుత్వమే భరించాలి. ఈ పథకంలో ఉన్న ఘోరమైన లోపం దాని పేరు. లైట్ అన్నారు. ఏ అల్లుడికైనా 'తేలికపాటి' కానుక ఇస్తామని చెప్పి చూడండి. ఆనాటి మేయర్ రాబ్ ఫోర్డ్ ఈ లోపాన్ని అందరికంటే ముందు పసిగట్టారు. లైట్ రైలు అంటే స్ట్రీట్‌కార్, స్ట్రీట్‌కార్ అంటే కార్లకు అడ్డం, కాబట్టి స్కార్‌బరోకు తగినది భూగర్భంలో నడిచే సబ్‌వే ఒక్కటే అన్నది ఆయన తర్కం. ఈ లైట్ రైలు రోడ్డు మీదికి రానే రాదనీ, పాత రైలు లాగే తన సొంత దారిలోనే నడుస్తుందనీ చెప్పబోయినవారు మర్యాద తెలియనివారుగా మిగిలిపోయారు.

2013 అక్టోబరులో నగర కౌన్సిల్ 24–20 ఓట్లతో మూడు స్టేషన్ల సబ్‌వేను ఖాయం చేసింది. అందుకోసం నగరమంతటా ఆస్తి పన్ను పెంచారు. పెళ్ళి ఖర్చుకు ఊరంతా చందాలు వేసుకోవడం మనకూ కొత్త కాదు. 2016కు వచ్చేసరికి, అప్పటి మేయర్ జాన్ టోరీ హయాంలో, ఆ మూడూ ఒక్కటయ్యాయి. ఆరు కిలోమీటర్ల సొరంగం, చివర ఒక స్టేషను. 2017 నాటి అంచనా 335 కోట్ల డాలర్లు. ఏడు కంటే మూడు, మూడు కంటే ఒకటి గౌరవప్రదమన్న ఈ సూత్రాన్ని ఇంకొక్క అడుగు ముందుకు తీసుకుపోయి, ఎక్కడా ఆగని సబ్‌వేను నిర్మించి ఉంటే స్కార్‌బరో ప్రతిష్ఠ ఏ స్థాయికి చేరేదో ఊహించుకోవలసిందే. దురదృష్టవశాత్తు 2019లో ఒంటారియో ముఖ్యమంత్రి (అక్కడి మాటలో ప్రీమియర్) డగ్ ఫోర్డ్, అంటే రాబ్ ఫోర్డ్ అన్నగారు, మళ్ళీ మూడు స్టేషన్లు చేసి, అంచనాను 550 కోట్ల డాలర్లు చేశారు.

అల్లుడి అలకలో న్యాయం లేదని అనడం నా ఉద్దేశం కాదు. పాత రైలు దిగి సబ్‌వే ఎక్కవలసిన కెనడీ స్టేషన్లో పాత రైలు పై అంతస్తులో ఆగేది, సబ్‌వే అట్టడుగున ఉండేది. ఒక చేతిలో టిఫిన్ సంచి, మరో చేతిలో పిల్లవాడి చెయ్యి పట్టుకుని, చలికోటు బరువుతో ఆ మెట్లన్నీ దిగేసరికి కళ్ళముందే తలుపులు మూసుకునే రైలును రోజూ చూసిన మనిషికి, బండి మారకుండా డౌన్‌టౌన్‌కు చేరాలన్న కోరిక పుట్టడం సహజం. లైట్ రైలు వచ్చినా కెనడీలో దిగి మారవలసిందే. ఆ ఒక్క బాధను తీర్చే ఉపాయాల గురించి కౌన్సిల్‌లో ఎంతసేపైనా మాట్లాడవచ్చు. కానీ అలకపాన్పు మీద కూర్చున్నవాడిని కాళ్ళు నొప్పిగా ఉన్నాయా అని అడగడం ఆచారం కాదు. ఏం కావాలని మాత్రమే అడుగుతారు.

2023 జనవరిలో డిగ్గీ స్కార్‌డస్ట్ అని పేరు పెట్టిన సొరంగ యంత్రం భూమి లోపల తవ్వకం మొదలుపెట్టింది. అదే ఏడాది జులై 24న భూమి పైన పాత రైలు చివరి పెట్టె విడిపోయి పట్టాలు తప్పింది. అయిదుగురు గాయపడ్డారు. ఆ నవంబరులో ఎలాగూ మూసేయాలనుకున్న రైలును మళ్ళీ నడపలేదు. దాని బదులు బస్సులు వేశారు. పాత రైలు దారిలో కొంత మేరకు బస్సుల కోసమే ప్రత్యేకంగా ఒక బాట వేయాలని కూడా నిర్ణయించారు. అది సిద్ధమయ్యేదాకా, రోడ్డు మీదికి రానే రాని లైట్ రైలు కార్లకు అడ్డం వస్తుందేమోనని అంతగా భయపడిన జనం, సాయంత్రం ఆరింటికి రోడ్డు మీద ఎర్రలైటు దగ్గర కార్ల వెనక వరుసగా ఆగిన బస్సుల్లో, ఒక చేత్తో పైకడ్డీ పట్టుకుని నిలబడతారు.