వేషం వంటింట్లోకి వస్తే

ముందే ఒక మాట. రెండు జపాన్ బొమ్మల కథల మీద ఫిర్యాదు చేయబోతున్నా, ఈ వ్యాసకర్త వేషాలకు వ్యతిరేకి కాడు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా రంగం మీదికి వస్తే జనం విరగబడి చూశారు, 1956లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామాకలాపం గురించి చెప్పాలంటే పెద్దలకు ఇప్పటికీ మాటలు చాలవు. అదంతా కళ. ఎందుకు కళ? ఆట అయ్యాక రంగు కడుక్కుని, పంచె కట్టుకుని ఇంటికి వెళ్లారు కనుక. మన సంస్కృతి ఎక్కడా రాసుకోకుండానే పాటించిన నియమం ఇది: వేషం ఎంత బాగున్నా వంటింటి గడప తొక్కకూడదు.

జపాన్‌వాళ్లు కూడా ఒకప్పుడు బుద్ధిగానే ఉన్నారు. 1629లో ఆడవాళ్లు కబుకి అనే నాటకం ఆడకూడదన్నారు. పోనుపోను ఆడపాత్రలన్నీ మగవాళ్లకే దక్కాయి, అందులో ఆరితేరినవాళ్లను ఒన్నగాతా అని నెత్తిన పెట్టుకున్నారు. 1914 నుంచి తకరజుక అనే నాటక బృందంలో అంతా తిరగబడింది, మగపాత్రలు కూడా అమ్మాయిలే వేస్తారు. అయినా ఫర్వాలేదు. టికెట్ ఉంది, తెర ఉంది, తెర పడగానే ఎవరి ఇంటికి వాళ్లు. దేశం క్షేమంగా ఉంది.

అప్పుడు మాంగా వాళ్లు, అంటే జపాన్ బొమ్మల కథలు గీసేవాళ్లు, ఊడిపడ్డారు. వేషాన్ని నట్టింట్లోకి తెచ్చి, అన్నం గిన్నె ముందు కూర్చోబెట్టారు.

మొదటి ముద్దాయి హిసాషి ఎగుచి. 1981లో ‘షోనెన్ జంప్’ వారపత్రికలో, అంటే సాక్షాత్తూ మగపిల్లల పత్రికలో, ‘స్టాప్!! హిబారి-కున్!’ మొదలుపెట్టాడు. కోసాకు అనే కుర్రాడి తల్లి చనిపోతుంది. ఆమె చెప్పిన పాత పరిచయస్తుడి ఇంటికి వెళితే, ఆ పెద్దమనిషి యకూజా, అంటే జపాన్ రౌడీల ముఠాకు నాయకుడు. ఇంట్లో నలుగురు చక్కటి అమ్మాయిలు. అందులో హిబారి అబ్బాయి.

ఈ ఇంటి పరువు ఎక్కడ పోయిందో చూడండి. ఇల్లు గడిచేది రౌడీల మీద. దానివల్ల పరువు పోలేదు. ముఠా పగ్గాలు అందుకోవాల్సిన ఒక్కగానొక్క కొడుకు గౌను వేసుకున్నాడు, దానితో పోయింది. ఆ తండ్రి టెన్షన్ చూసి నా కడుపు తరుక్కుపోయింది. ఆయన మనవాడే అనిపించింది. కొడుకు లంచాలు మరిగితే ‘బాగా సెటిలయ్యాడు’ అనుకుంటాం, జుట్టు పెంచి పిలక వేస్తే పెళ్లిళ్లలో బంధువులకు మొహం చాటేస్తాం.

ఇంతకంటే ఘోరం ఇంకొకటి ఉంది. హాస్యానికి కొన్ని పద్ధతులుంటాయి. ఆడవేషం వేసిన మగాడు చెప్పు జారి పడాలి, విగ్గు ఊడాలి, తాగుబోతు ఒకడు వెంటపడాలి. మన వెండితెర దీనితోనే ఎన్నో పండగలు గట్టెక్కింది. హిబారికి ఏమీ ఊడదు. చదువులో ముందు, ఆటల్లో ముందు, చెయ్యి చేసుకోవాల్సి వస్తే అందులోనూ ముందు. నవ్వులపాలయ్యేదంతా చుట్టూ ఉన్న మగవాళ్లే. కోసాకు పేరుకు బాక్సింగ్ క్లబ్బు కుర్రాడు. హిబారి పక్కకొచ్చి కూర్చుంటే చాలు, ‘వీడు మగాడు, వీడు మగాడు’ అని లోలోపల జపం. ఆ జపం నలభై ఏళ్ల నాటిది, దానితో పాటు వచ్చే వెటకారాలు కొన్ని చాలా మొరటుగా ఉంటాయి, ఇప్పుడు చదివితే మనసు చివుక్కుమంటుంది. నాబోటివాళ్లకు ఆ పుస్తకంలో దొరికే ఊరట అదొక్కటే.

సమాజం ఆపలేని హిబారిని చివరికి డెడ్‌లైన్ ఆపింది. ఎగుచికి గీత మీద మోజు ఎక్కువ, వారం వారం ఇవ్వడం చేతకాదు. ఊహ అందనప్పుడల్లా తెల్ల మొసళ్లు వచ్చి మీద పడుతున్నట్టు తన బొమ్మ తనే వేసి పేజీ నింపేవాడు. 1983లో, ఒకవైపు టీవీలో హిబారి యానిమే, అంటే కార్టూన్ సీరియల్, నడుస్తుండగానే, పత్రికలో కథ అర్ధాంతరంగా ఆగిపోయింది. దేవుడున్నాడు అనుకోబోయాను. 2009, 2010లలో సంపూర్ణ సంచిక తెచ్చి మిగిలిన ముక్క కూడా గీసేశాడు.

రెండో ముద్దాయి మీద నాకు ఎక్కువ కోపం, ఎందుకంటే నమ్మిన మనిషి. సుకాసా హోజో ‘సిటీ హంటర్’ గీశాడు. తుపాకీ పట్టుకుని ఆడవాళ్ల వెంట లొట్టలేస్తూ తిరిగే హీరో, అంటే మనకు బాగా అలవాటైన కుటుంబ కథానాయకుడు. అలాంటివాడు 1996లో ‘ఎఫ్. కాంపో’ మొదలుపెట్టి, 2000 దాకా 14 సంపుటాలు పోశాడు. ఇక్కడా హీరో మసాహికోకు తల్లీ లేదు, తండ్రీ లేడు. జపాన్‌లో నవ్వు పుట్టాలంటే ముందు ఎవరో ఒకరు పోవాలి కాబోలు. తల్లి తరఫు బంధువులు మా ఇంట్లో ఉండు నాయనా అని పిలుస్తారు. వెళ్తాడు. ఇంటాయన సోరా, మాంగా గీస్తాడు. ఇల్లాలు యుకారి, వంట అమృతం, నోట్లోంచి పెద్ద మాట రాదు. తీరా చూస్తే ఇంటాయన పుట్టుకతో ఆడ, ఇల్లాలు పుట్టుకతో మగ. బిడ్డ షియోన్ ఆడో మగో రచయిత చివరిదాకా తేల్చడు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ తల తిరిగే చిక్కు ఒకటుంది. జపాన్‌వాళ్లకు అది కనపడను కూడా కనపడదు. యుకారి మసాహికో తల్లికి తోడబుట్టిన మనిషి. పుట్టుక లెక్కలో మేనమామ, చీరసారెల లెక్కలో పిన్ని. మేనమామ అనుకుంటే షియోన్ వరసైన మనిషి, తాంబూలాలు పుచ్చుకోవచ్చు. పిన్ని అనుకుంటే షియోన్ తోబుట్టువు కింద లెక్క, కన్నెత్తి చూస్తే పాపం. మసాహికో మనసేమో షియోన్ మీదే పడింది! వాళ్ల చట్టం ఏ వైపు పిల్లలకైనా పెళ్లి కానిస్తుంది కాబట్టి హోజోకు బెంగ లేదు. మన దగ్గరైతే యుకారి ఎవరో తేలేదాకా పంతులు గారు పంచాంగం తెరవరు. ఆ షియోన్ ఆడో మగో తేలడం అటుంచండి, అది రెండో ముహూర్తం సంగతి.

ఇంత ఘోరమైన ఇంట్లో ఏం జరుగుతుందో చూసి పెన్ను విదిలిద్దామని ఓపిగ్గా చదివాను. భర్త డెడ్‌లైన్ దాటించి అరుస్తాడు. ఆడబట్టల్లో ఉన్న మగ అసిస్టెంట్లు నిద్ర లేక తూలుతుంటారు. భార్య అందరికీ వేళకు వడ్డిస్తుంది. కాలేజీ సినిమా క్లబ్బువాళ్లు మసాహికోను బలవంతాన హీరోయిన్‌ను చేస్తారు, ఆ అమ్మాయిని చూసి తత్సుమి అనే యకూజా నిజంగానే ప్రేమలో పడతాడు. అంతకు మించి ఉపద్రవం నాకు దొరకలేదు. భర్త సంపాదన, భార్య వంట, రాత్రి అందరూ కలిసి భోజనం. ఏ ఆదర్శ కుటుంబం గురించి మనం మైకుల్లో గొంతు చించుకుంటామో అది అచ్చుగుద్దినట్టు అక్కడుంది. మనుషులే మారారు. నిజానికి నన్ను విసిగించింది కూడా అదే. ఇంత తలకిందులు చేసి, చివరికి గరిటె మళ్లీ ఇల్లాలి చేతికే ఇచ్చాడు హోజో.

పోనీ సర్కారుకు ఫిర్యాదు చేద్దామంటే, సర్కారుకు అభ్యంతరమే లేదు. కుటుంబ రిజిస్టరులో ఒక ఆడ, ఒక మగ. గుమస్తాకు అంతకంటే ఏం కావాలి? అభ్యంతరం ఎప్పుడొస్తుందంటే, రిజిస్టరును కూడా ఇంట్లో ఉన్నట్టే రాయండి అని అడిగినప్పుడు. దానికి జపాన్ 2003లో ఒక చట్టం చేసింది, మరుసటి ఏడాది నుంచి అమలు. షరతులు ముచ్చటైనవి. దరఖాస్తుదారుకు పెళ్లి అయి ఉండకూడదు. పిల్లలు ఉండకూడదు. 2008లో జాలిపడి, మైనర్ పిల్లలు ఉండకూడదు అని సడలించారు. సంతానోత్పత్తి శక్తి ఉండకూడదన్న షరతును 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. పెళ్లి షరతు జోలికి ఆ తీర్పు పోలేదు.

అంటే సోరా, యుకారి కాగితాల మీద కూడా సిసలైన భార్యాభర్తలు కావాలంటే ముందు విడాకులు తీసుకోవాలి. తర్వాత ఎవరి దరఖాస్తు వాళ్లు పెట్టుకుని, ఆయన ఆయనై, ఆవిడ ఆవిడై, మళ్లీ పెళ్లి చేసుకోవాలి. కుటుంబ వ్యవస్థను కాపాడటానికి ఇంతకంటే శ్రద్ధ ఎవరు తీసుకుంటారు? ఒక్క చిక్కుంది. విడాకుల ఫారంలో భర్త గడి ఒకటి, భార్య గడి ఒకటి ఉంటాయి. రిజిస్టరు ప్రకారం భర్త గడిలో రాయాల్సింది యుకారి. సోరా గారు ఒప్పుకోరు, ఇంటి పెద్ద ఆయన. అసలు ఆయన్ను ఆఫీసుకు ఏ రోజు రమ్మంటారో అది కూడా కాస్త ముందుగా చెప్పండి, ఈ వారం పేజీలు ఇంకా ఇవ్వలేదట.