షాక్ మిషన్ ఉన్న మనిషిని ముట్టుకుంటే మనం కూడా పోతామంట!

ఈ మెసేజ్ మీ ఫ్యామిలీ గ్రూపులోకి కూడా వచ్చే ఉంటది. "గుండెకి షాక్ మిషన్ పెట్టించుకున్నోళ్ళని ముట్టుకుంటే మీకూ కరెంట్ కొడుద్ది, దూరంగా పడుకోండి, సెల్‌ఫోన్, మైక్రోవేవ్ బంద్, ఆకుకూరలు బంద్, దడ వస్తే గట్టిగా దగ్గమనండి" అని. మా గ్రూపులో బాబాయ్ పెట్టాడు, కింద అందరూ దండాల బొమ్మలు. మా నాన్నకి ఆ మిషన్ ఉంది, అది చదివిన కాడ్నించి అమ్మ ఆయన పక్కన పడుకోడం మానేసి హాల్లో చాపేసుకుంటంది, అందుకే ఇది రాస్తన్నా.

ముందు ఆ ముట్టుకునే సంగతి. ఐసీడీ (గుండె లయ తప్పితే షాక్ కొట్టి సరిచేసే ఆ మిషన్ పేరే అది) షాక్ లోపల గుండెకి సరిపడా ఇచ్చేదే, ఆ టైంలో మన చెయ్యి వాళ్ళ మీద ఉంటే మహా అయితే కాస్త జివ్వుమంటది, మనకేం కాదు. పోయినేడు నాన్నకి ఒకసారి కొట్టింది, గేదె రొమ్ము మీద తన్నినట్టుందన్నాడు, అప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది అమ్మే! తనకేం కాలేదు కదా, అయినా తన చెయ్యి కన్నా ఫార్వర్డ్ మీదే నమ్మకం. ఒక్క షాక్ కొట్టి మనిషి మామూలుగా ఉంటే డాక్టర్‌కి ఫోన్ చేస్తే చాలు, రోజులో రెండు మూడు కొట్టినా, కళ్ళు తిరిగినా, ఆయాసమొచ్చినా 108 పిలవాల్సిందే.

దగ్గమనడం ఇంకా ఘోరం. గుండె ఆగిపోతే మనిషి క్షణాల్లో స్పృహ తప్పుతాడు, ఇంక దగ్గేదెవరు? అప్పుడు 108కి చేసి రొమ్ము మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి, మిషన్ ఉన్నా సరే నొక్కాలి. ముట్టుకోవద్దని నేర్పిన ఇంట్లో ఆ చెయ్యి ఎవరేస్తారు చెప్పండి.

ఫోన్ వాడుకోవచ్చు, చొక్కా జేబులో పెట్టకుండా, మిషన్‌కి 15 సెంటీమీటర్లు ఎడంగా, మిషన్ లేని వైపు చెవికి పెట్టుకుంటే చాలు. మైక్రోవేవ్‌తో భయం లేదు. అసలు చెప్పాల్సింది ఇండక్షన్ పొయ్యి గురించి, దానికి 60 సెంటీమీటర్లు దూరముండాలి, అది మాత్రం మెసేజ్‌లో లేదు.

ఆకుకూరలకీ మిషన్‌కీ సంబంధమే లేదు, అది రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటి మాత్రలేసుకునే వాళ్ళ గొడవ. వాళ్ళు కూడా మానక్కర్లేదు, రోజూ ఒకే లెక్కలో తినాలి, వారమంతా మానేసి ఆదివారం గిన్నెడు తోటకూర లాగిస్తేనే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే టెస్టు లెక్క) తారుమారయ్యేది.

ఇంకోటి, నాన్నది లాంగ్ క్యూటీ, అంటే గుండెలో కరెంటు లయ తప్పే జబ్బు, వంశంలో వచ్చే రకం, పిల్లలకి సగానికి సగం ఛాన్సుంటది. నేను, తమ్ముడు ఈసీజీ తీయించుకున్నాం. తోడబుట్టినోడివి నువ్వూ తీయించుకో బాబాయ్ అంటే ఆర్నెల్ల నుంచి "చూద్దాంలేమ్మా" అంటన్నాడు, ఫార్వర్డ్‌లు మాత్రం పొద్దున్నే ఐదింటికల్లా పెట్టేస్తాడు.